నాయకుల విశ్వాసాన్ని అనుసరించడం ఎలా: ఒక పేరు, ఒక నోట్‌బుక్, 40 రోజులు

మా అవ్వకు చదువు రాదు. నర్సంపేట వైపు పల్లెలో నాట్లకు, కోతలకు కూలికి పోయేది. పొయ్యి మీద ఎసరు కాగాక, బియ్యం పోసే ముందు ఒక పిడికెడు పక్కకు తీసి గురిగిలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేవి. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజున కూడా ఆ పిడికెడు తప్పలేదు. ఎవరు నేర్పారవ్వా అని అడిగితే, తన చిన్నప్పుడు వాడకు వచ్చి పాటలు నేర్పిన బైబిలమ్మను, అంటే ఊరూరా తిరిగి బైబిలు చెప్పే ఆమెను, తలుచుకునేది. "ఆమె ఇంట్ల గురిగి చూసిన బిడ్డా, గందుకే నేను సుత పెట్టిన" అనేది.

ఆ బైబిలమ్మ కానుక గురించి ఎన్ని వాక్యాలు చెప్పిందో అవ్వకు గుర్తు లేదు. చూసిన గురిగి మాత్రం చివరిదాకా గుర్తుంది.

బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం 7వ వచనం చూడండి: "మీకు దేవుని వాక్యము బోధించి, మీపైని నాయకులుగా ఉన్నవారిని జ్ఞాపకము చేసికొని, వారి ప్రవర్తన ఫలమును శ్రద్ధగా తలంచుకొనుచు, వారి విశ్వాసము ననుసరించుడి." ఇందులో మూడు పనులున్నాయి. జ్ఞాపకం చేసుకోవడం మనం బాగానే చేస్తాం. వర్ధంతి కూడికలు పెడతాం, ఫ్లెక్సీలు కడతాం, ఫొటోకు దండ వేస్తాం. వాళ్ల ప్రవర్తన ఏ ఫలం ఇచ్చిందో ఆలోచించడం సగంలో వదిలేస్తాం. ఇక అనుసరించడం దగ్గరికి వచ్చేసరికి నాయకుడి గొంతును, మైకు పట్టుకునే తీరును, తెల్లబట్టలను అనుసరిస్తాం. హన్మకొండలో యూత్ కూడికల్లో ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది. వాక్యం అనుసరించమన్నది వాళ్ల విశ్వాసాన్ని.

అది ఎలా చేయాలో, సండే స్కూల్ పెద్దపిల్లలతో కలిసి కొన్నేళ్లుగా నేను చేస్తున్న పద్ధతి చెబుతాను. ఒక్కరే చేసుకోవచ్చు. నలుగురు కలిస్తే ఇంకా మంచిది. కావలసింది వంద పేజీల నోట్‌బుక్ ఒకటి, పెన్ను, మీ బైబిలు.

ముందు ఇద్దరిని ఎంచుకోండి

ఒకరు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయినవారై ఉండాలి. పరుగు ముగిసిన తర్వాతే ఫలం పూర్తిగా కనిపిస్తుంది. ఇప్పుడు పేరున్న ప్రసంగీకుడు ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటాడో మనకు తెలియదు.

రెండోవారు బతికి ఉన్నవారు, మీరు సోమవారం నాడు కూడా చూడగలిగినవారు అయి ఉండాలి. యూట్యూబ్‌లో చూసే పెద్ద సేవకుణ్ణి ఇక్కడ రాయకండి. ఆయన ఇంట్లో భార్యతో ఎలా మాట్లాడతాడో, డ్రైవర్‌కు అన్నం పెట్టించాడో లేదో, ఎవరైనా తప్పు చెబితే ముఖం ఎలా పెడతాడో మీకు కనిపించదు. మీ సంఘంలోని ఉపదేశి, అయ్యగారు, అమ్మగారు, కూడికకు అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచే పెద్దాయన, వీళ్లలో ఒకరిని తీసుకోండి. నాయకుడంటే పదవి ఉన్నవాడే అనుకోవద్దు. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉండిందని పౌలు రాశాడు. ఆ ఇద్దరికీ ఏ పదవీ లేదు.

బతికి ఉన్నవారి విషయంలో ఇంకొక పని చేయండి. సంఘం బయటివాళ్లు వాళ్ల గురించి ఏమంటారో వినండి. సంఘాన్ని నడిపే అధ్యక్షుడు బయటివారి చేత మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని మొదటి తిమోతి మూడో అధ్యాయంలో ఉంది. కిరాణా కొట్టు ఆయన, ఇంటి ఓనరు, పక్కింటి ముస్లిం కుటుంబం ఏమంటున్నారో వింటే చాలు. కిరాణా బాకీ తీర్చే మనిషా కాదా అన్నది ప్రసంగం విని తెలుసుకోలేం.

జీవితాన్ని తేదీలతో రాసుకోండి

ఇక్కడ తొందరపడకండి. రెండు వారాలైనా పట్టనివ్వండి. "గొప్ప దైవజనుడు" అని రాసుకుంటే చేతికి ఏమీ రాదు. ఏ ఏట, ఏ ఊళ్లో, ఎన్నేళ్ల వయసులో ఏం చేశారో రాస్తే అప్పుడు మనిషి కనిపిస్తాడు. మన ప్రాంతంవాళ్లకు బాగా దగ్గరైన బిషప్ అజరయ్య జీవితాన్నే తీసుకుని చూపిస్తాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులో, తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాదిరి. ఈయన పెద్దయ్యాక వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో పనిచేశారు. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తామే డబ్బు వేసుకుని సువార్తికులను పంపడం చూశారు. మన దగ్గర ఎందుకు లేదన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. మరుసటి ఏడు, 1903లో, తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

ఇక్కడ నోట్‌బుక్‌లో ఒక గీత గీయండి. ఇప్పటిదాకా ఆయన ఇతరులను పంపినవాడు. ఇతరులను పొమ్మంటూ నేనెందుకు పోకూడదన్న ప్రశ్న తనకు తానే వేసుకున్నారు. 1909లో, 35 ఏళ్ల వయసులో, వైఎంసీఏ పని వదిలి డోర్నకల్ వచ్చారు. మొదట ఉన్నది డేరాలో. తమిళం మాతృభాషగా పెరిగిన మనిషి ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘ సంప్రదాయపు) సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. బిషప్ అయ్యాక కూడా ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. ఆ పల్లెల్లో సంఘంలోకి వచ్చినవాళ్లు ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ దయ్యాలుగా లెక్కగట్టి వాటితో పోరాడమని వాళ్లకు నేర్పారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి, ఎపిఫనీ కతీడ్రల్, 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వచ్చిన ఊరిని 36 ఏళ్లు వదల్లేదు.

ఇలా రాసుకున్నాక మళ్లీ చదవండి. బిషప్ పదవి వచ్చిన ఏడు ఒక్క వరుసలో అయిపోతుంది. డేరా, భాష, ఎడ్లబండి, 36 ఏళ్లు, ఇవి మిగతా పేజీ అంతా ఉంటాయి. మీరు నేర్చుకోవలసింది ఎక్కువగా ఆ మిగతా పేజీలో ఉంది.

మీ ఊరి నాయకుల గురించైతే పుస్తకాలు దొరకవు. పెద్దవాళ్ల దగ్గర కూర్చోవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నాలుగు గంటల లోపు వెళ్తే వాళ్లు తీరికగా ఉంటారు. "ఆయన ఎట్లాంటోడు?" అని అడగకండి. "దేవుని మనిషి బిడ్డా" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఇలా అడిగి చూడండి: ఆయన మీ ఇంటికి మొదటిసారి ఎందుకు వచ్చారు? ఏం తిన్నారు, ఎక్కడ కూర్చున్నారు? మీ ఇంట్లో చావు జరిగినప్పుడు ఎంతసేపు ఉన్నారు? ఎప్పుడైనా కోప్పడ్డారా? డబ్బు దగ్గర ఎలా ఉండేవారు? ఈ ప్రశ్నలకు అవ్వలు, తాతలు గంటసేపు చెబుతారు. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మనం వాయిదా వేసుకుంటూ పోతే ఆ గొంతులు మళ్లీ దొరకవు. మా ఊరి బైబిలమ్మ గురించి అవ్వను నేను అడిగింది చాలా తక్కువ. ఇప్పుడు అడగడానికి అవ్వ లేదు.

అద్భుతాల కథలు వస్తే రాసుకోండి, కానీ ఇంకొకరిని కూడా అడిగి సరిచూసుకోండి. బెరయ పట్టణంవారు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో పరిశీలించారు. నిజమైన జీవితానికి అతిశయోక్తి అక్కరలేదు.

ఒక్క అలవాటు పట్టుకోండి

ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒకరి గురించి నోట్‌బుక్‌లో రాసినదంతా ఎదురుగా పెట్టుకుని ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి దేవుణ్ణి నమ్మాడు కాబట్టి మాత్రమే చేసిన పని ఏది? నమ్మకం లేనివాడైతే అది చేసి ఉండేవాడు కాదు అనిపించేది ఏది? దొరికినదాని కింద గీత గీయండి. తర్వాత దాన్ని మీ బతుకులోకి, మీ వీధిలోకి తెచ్చుకోవాలి. కష్టమైన పని ఇదే. ఇక్కడ కాపీ కొడితే దెబ్బ తింటాం. నేను తిన్నాను.

అప్పట్లో వరంగల్‌లో ఒక మెడికల్ షాపులో పనిచేసేవాణ్ణి. రాత్రి 11కు షట్టర్ దించేవాళ్లం. ఒక పెద్ద సేవకుడు తెల్లవారుజామున 3 గంటలకు లేచి ప్రార్థిస్తారని విని నేనూ మొదలుపెట్టాను. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం నిద్రమత్తులో చీటీలో ఉన్న మందు కాకుండా వేరే మాత్రలు తీసి కౌంటర్ మీద పెట్టాను. పక్కనున్న సీనియర్ చూసి ఆపాడు. ఆ సాయంత్రం మా సంఘ పెద్ద ఒకాయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "ఆ అయ్యగారు దేవునితోని మాట్లాడకుంట దినం మొదలువెట్టడు. నువ్వు గది పట్టుకో, గడియారాన్ని ఇడిసిపెట్టు" అన్నాడు. మర్నాటి నుంచి షట్టర్ ఎత్తే ముందు మెట్ల మీద పది నిమిషాలు నిలబడి, ఆ రోజు వచ్చే రోగుల కోసం ప్రార్థించడం మొదలుపెట్టాను. ఆ షాపులో ఉన్నన్నాళ్లూ అది సాగింది.

అజరయ్య విషయంలో కూడా ఇంతే. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. ఎదురుగా కూర్చున్నది పాశ్చాత్య దేశాల మిషనరీ నాయకులు. వాళ్ల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని వాళ్ల ముఖం మీదే అడిగారు. ఈ మాట విని స్టేజీ ఎక్కి ధైర్యంగా మాట్లాడాలని అనుకునేవాళ్లున్నారు. మా పిల్లలతో నేను వేరే ప్రశ్న అడిగిస్తాను: మన సంఘంలో మనం సాయం చేస్తాం గానీ స్నేహం చేయని మనిషి ఎవరు? క్రిస్మస్‌కు చీర ఇచ్చి, మిగతా ఏడాదంతా పేరు కూడా అడగని మనిషి ఎవరు?

ఒక కుర్రాడికి పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీలు గుర్తొచ్చారు. అంతకుముందు మేం వాళ్లకు దుప్పట్లు పంచి ఫొటోలు దిగి వచ్చాం. ఈసారి ఆ కుర్రాడు ఒడియాలో ఇరవై మాటలు నేర్చుకుని, ఒక్కడే వెళ్లి, వాళ్లు వండింది వాళ్లతో కూర్చుని తిని వచ్చాడు. మూడో వారానికి వాళ్ల పిల్లల పేర్లన్నీ నోటికి వచ్చాయి. వాడు బిషప్ కాడు, ఎడిన్‌బరో ఎక్కడుందో వాడికి సరిగ్గా తెలియదు. కానీ భాష నేర్చుకుని పక్కన కూర్చున్నాడు.

ఇంకొక అలవాటు చెబుతాను. బాప్తిస్మం పొందినవాళ్లను తమ తల మీద చేయి పెట్టుకుని "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని పలకమనేవారు అజరయ్య. చదువు రాని కూలికి కూడా చెప్పే బాధ్యత ఉందని ఆయన నమ్మకం. మీ సంఘంలో సాక్ష్యం చెప్పే అవకాశం ఎప్పుడూ ఆ నలుగురికే వస్తుంటే, ఈ నెల వంట చేసే అక్కను అడగండి. మైకు భయమైతే కింద కూర్చునే చెప్పనివ్వండి.

40 రోజులు చేయండి

లెంట్ రోజుల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలో, చేస్తే అందరూ కలిసి వస్తారు, కానీ ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి: ఏం చేస్తాను, ఎప్పుడు, ఎక్కడ. "ఎక్కువ ప్రార్థిస్తాను" అని రాస్తే లెక్కకు రాదు. "షట్టర్ ఎత్తే ముందు పది నిమిషాలు" అని రాయండి. వారానికొకసారి అడిగే మనిషిని పెట్టుకోండి. ఫోన్‌లో మెసేజ్ పెడితే చాలదు, ఆదివారం ఆరాధన అయ్యాక ముఖం చూసి అడగాలి. తప్పిన రోజులు దాచకుండా రాయండి. నాలుగు రోజులు వరసగా తప్పితే అలవాటు మీ బతుకుకు పెద్దదై ఉంటుంది. దాన్ని తగ్గించుకుని మళ్లీ మొదలుపెట్టండి.

నాయకుడిలో తప్పు కనిపిస్తే

ఇది ప్రతి గుంపులోనూ వస్తుంది. ముందే మాట్లాడుకోండి.

తొందరపాటు, మతిమరుపు, మొండితనం లాంటివైతే భరించండి. మనల్నీ వాళ్లు భరిస్తున్నారు. కానీ డబ్బు, స్త్రీల పట్ల ప్రవర్తన, అబద్ధం, పిల్లల భద్రత, వీటి దగ్గర మౌనం గౌరవం కాదు. నాకు తెలిసిన ఒక సంఘంలో మందిరం కట్టడానికి కూలి చేసుకునే ఆడవాళ్లు కూడబెట్టి డబ్బు ఇచ్చారు. రెండేళ్లకు గోడలు మొలెత్తుకు రాలేదు. లెక్క అడిగితే "అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న వచనం చూపించి నోరు మూయించారు. ఆ ఆడవాళ్లలో కొందరు ఆ తర్వాత ఏ గుడికీ పోలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అదే బైబిల్లో, యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను తీసుకెళ్లేటప్పుడు, తమ మీద ఎవరూ నింద మోపకుండా పౌలు తోడు మనుషులను పెట్టుకున్నాడు. రెండో కొరింథీయులు ఎనిమిదో అధ్యాయంలో ఉంది, చదివి చూడండి. అంతియొకయలో పేతురు తప్పినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. అంతమాత్రాన పేతురు మనకు పనికిరాకుండా పోలేదు, ఆయన పత్రికలు మన చేతిలోనే ఉన్నాయి. నాయకులు "మందకు మాదిరులుగా" ఉండాలని రాసింది కూడా ఆ పేతురే. కాబట్టి ఒక మాట అడగాల్సి వస్తే ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నేరం జరిగి ఉంటే మాత్రం సంఘంలో కప్పిపుచ్చకుండా పోలీసుల దగ్గరికి వెళ్లండి.

మాదిరిగా పెట్టుకున్న మనిషే పడిపోతే కొందరికి విశ్వాసమే కూలిపోతుంది. హెబ్రీ పత్రికలో నాయకుల గురించి చెప్పిన ఆ వచనం పక్కనే ఉన్న మాట వాళ్లతో కలిసి చదవండి: "యేసుక్రీస్తు నిన్న, నేడు, ఒక్కటే రీతిగా ఉన్నాడు." వివరించకండి. చదివి, కాసేపు పక్కన కూర్చోండి.

పిల్లలను తీసుకెళ్లండి

ఏడాదికొకసారి ఒక చోటు చూపించండి. కాజీపేట నుంచి విజయవాడ వైపు వెళ్లే లైనులో మహబూబాబాద్, గార్ల దాటితే డోర్నకల్ జంక్షన్. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. కతీడ్రల్‌లో హిందూ, ముస్లిం కట్టడాల తీరు కలిసి కనిపిస్తుంది. స్తంభాలు ఎలా ఉన్నాయి, గుమ్మటాలు ఎలా ఉన్నాయి అని పిల్లలనే వెతకమనండి. సువార్త ఈ నేల మీద పరాయిదిగా నిలబడకూడదన్న ఆలోచన ఆ రాళ్లలో కనబడుతుంది.

మెదక్ కతీడ్రల్‌కు వెళ్తే అందరూ 175 అడుగుల గోపురం కింద ఫొటోలు దిగుతారు. దిగనివ్వండి. తర్వాత నీడలో కూర్చోబెట్టి చెప్పండి: మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ గుడి కట్టించిన కాలంలో కరువు ఉంది, జనానికి ఆ పని కూడు పెట్టింది. 1924 డిసెంబర్ 25న అది ప్రతిష్ఠ అయింది.

ఆడపిల్లలు ఎక్కువగా ఉంటే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి గురించి చెప్పండి. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన సాయం దాని వెనక ఉంది. అప్పటికి ఉన్న మందు చాల్‌మోగ్రా అనే గింజల నూనె, ఇంజెక్షన్ చాలా నొప్పి. ఊరు వెలివేసిన మనిషి చేయి పట్టుకుని ఆ సూది వేయడం ఆమె విశ్వాసం. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయిలు ఈ కథ దగ్గర చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోతారు.

తిరుగు ప్రయాణంలో నోట్‌బుక్‌లు తీయించండి. రాబోయే 40 రోజులకు ఎవరి పేరు, ఏ అలవాటు, అడిగే మనిషి ఎవరు, ఈ మూడూ రాయించండి. డోర్నకల్ రైలైతే వరంగల్ స్టేషన్ వచ్చేలోపు రాయడం అయిపోవాలి. ఇంటికి పోయాక రాస్తామంటే ఒప్పుకోకండి.